ఏడుగడపల గుడిలో కొరత రాయి

ఈ కథ చెప్పేవాళ్లు మా చుట్టుపట్ల నలుగురున్నారు. ఒకడు ఏనుగుకు రెక్కలు కట్టాడు. ఒకడు కొండకు కాళ్లు పెట్టి నడిపించాడు. ఇంకొకడైతే మాంత్రికుడికి తన బావమరిది పేరు పెట్టి పాత కక్ష తీర్చుకున్నాడు. నేను ఆ బాపతు కాదు. ఈ అధ్యాయంలో నేను కల్పించింది గోరంత ఉన్నా సరే, ఒక పక్క మీసం గొరిగించుకుని సంతలో మూడు చుట్లు తిరుగుతాను. మాటంటే మాటే.

పొన్నగిరిలో గుడిరాళ్లు చెక్కే కాసెపనివాడు కొమ్మోజు చీకటికోన అడవిలో మడుగేటి ఒడ్డున పడవ దిగేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. అంత ఎండలోనూ ఆ ఒడ్డున ఒక్క పిట్ట కూయలేదు. చెట్లకు నీడలున్నాయి గాని ఆ నీడలు కదలడం లేదు. కొమ్మోజు పడవను తుంగదుబ్బుకు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

అతను వచ్చిన పని ఒక్కటే. పన్నెండు రోజుల కిందట ఎవరో బైరాగి వాకిట్లోకి వచ్చి, అతని ఏడేళ్ల కూతురు పున్నమ్మ చేతిలో ఒక రాతి చిలకను పెట్టి వెళ్లాడు. మర్నాటి నుంచి పిల్ల కాలి గోళ్లు మొదలు రాయి కాసాగింది, రోజుకు బెత్తెడు చొప్పున. ఆ తెల్లవారుజామున తండ్రి బయలుదేరుతుంటే, "నాన్నా, నా పొట్ట మీద కొట్టు, మోగుతుంది" అని నవ్వింది. కొట్టాడు. ఖణేలుమంది. మోత విని రాయి జాతి చెప్పగలిగినవాడు గనుక కొమ్మోజుకు తెలిసిపోయింది, అది ఉలికి లొంగే జాతి కాదు. మంత్రసాని సూరమ్మ ఒకే మందు చెప్పింది: ఏడుగడపల గుడి గర్భాలయంలో రాతి గోవు నోటి నుంచి ఊరే నీరు. "రేపు పొద్దువాలే లోపు తాగించాలి నాయనా. గొంతు రాయైపోతే ఇక మింగేది ఎట్లా?"

కొమ్మోజు వెనక పనిముట్ల గంపతో పడవ దిగినవాడు రత్నమేఖల రాజ్యానికి యువరాజు. పేరు మకరందుడు. తండ్రి సింహాసనాన్ని కాజేసిన సేనాపతి మనుషులు ఊరూరా గాలిస్తుంటే, ఆరు నెలలుగా బండడు అనే పేరుతో కొమ్మోజు దగ్గర రాళ్లు మోస్తున్నాడు. కత్తి తిప్పడంలో అతనికి సాటి లేదు. గంప మోయడంలో అతనికంటే పనికిమాలినవాడూ లేడు.

"గంప ఎడమ పక్కకి ఒరిగింది, బాబుగారూ," అన్నాడు కొమ్మోజు.

"నా మెడే ఒరిగింది, ఓజయ్యా. గంప తిన్నగానే ఉంది."

"ఎవరైనా కనబడితే మాత్రం ఒరేయ్ అంటాను. ముందే చెబుతున్నా, కత్తి మీద చెయ్యి వెయ్యకండి."

"నువ్వు మొన్న వేసిన మొట్టికాయకే వెయ్యలేదు."

పొదలు దాటగానే గుడి కనిపించింది. ఏం గుడి అది. మొసలి వీపులాంటి ప్రాకారం సగం కూలి సగం నిలిచి ఉంది. గోపురం నడుము విరిగి, ఏడంతస్తుల్లో నాలుగు నేల మీద బోర్లా పడుకున్నాయి. మర్రి ఊడలు కాదు, పాముల్లాంటి నల్లటి తీగలు స్తంభాలను పెనవేసి, నాట్యకత్తెల నడుములకు వడ్డాణాల్లా బిగుసుకున్నాయి. వెయ్యి రాతి మొహాలు నాచు పట్టి పచ్చగా ఉన్నాయి. ఒక్కదానికీ ముక్కు విరగలేదు. అన్ని రాళ్లు కూలినచోట ఒక్క ముక్కు విరగకపోవడం ఏమిటని మకరందుడు ఆగి మళ్లీ చూశాడు.

కొమ్మోజు మాత్రం పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా కలయజూశాడు.

"ఇది అచ్చం మా పొన్నగిరి గుడే, బాబుగారూ. మా ముత్తాతల చేతి పని. ఒకటే కొలతకర్ర, ఒకటే లెక్క. మా గుడిలో నేను పాకుతూ పెరిగాను. కళ్లకు గంతలు కట్టండి, గర్భగుడి దాకా తడుముకోకుండా పోతాను."

"కూలిన గుడిలో కూడానా?"

"కూలితే మాత్రం గుడి మారుతుందా? మొదటి గడప దాటాక ఇరవై ఏడు అడుగులు. తర్వాత కుడిపక్క స్తంభం మీద దొంగచాటుగా పాలు తాగే పిల్లి ఉంటుంది. దాని తోక మీద ఈగ."

ఇరవై ఏడు అడుగులు వేశారు. పిల్లి ఉంది. తోక మీద ఈగా ఉంది. రెండో గడప దగ్గర నీటితూము మీద కప్ప ఉంటుందన్నాడు, ఉంది. మూడో గడప మెట్టు తొక్కితే మద్దెల మోగుతుందన్నాడు. మోగింది, కాకపోతే తొక్కిన రెండు ఊపిర్ల తర్వాత, ఎక్కడో నేల లోపలి నుంచి. కొమ్మోజు కొంచెం ఆగాడు. "పునాది కుంగింది, అందుకే ఆలస్యం," అని తనకు తానే చెప్పుకుని నడిచాడు. ఎరిగిన ఇంట్లో దీపం లేకుండా తిరిగేవాడికే గడప తగులుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

నాలుగో గడప పక్కన పీఠం చుట్టూ రాతి ఏనుగుల బారు ఉంది. కొమ్మోజు వాటిని లెక్కపెట్టుకుంటూ చివరిదాని దగ్గరకు వెళ్లాడు. ఆ పలక విరిగి బోర్లా పడి ఉంది.

"అయ్యో, చూపిద్దామనుకుంటే మొహం దాచుకుంది. మా గుడిలో ఈ చివరి ఏనుగుకు తోక ఉంటుంది గాని తోకకు కుచ్చు ఉండదు. అది మా కొరత రాయి."

"కొరత రాయంటే?"

"మా వంశానికి ఒక ఒట్టుంది. ఎంత గొప్ప గుడి కట్టినా ఒక్కచోట పని ఆపి ఉలి కింద పెట్టెయ్యాలి. అన్నీ పూర్తయిన గుడి మనుషులకు అచ్చిరాదట."

"ఎందుకట?"

"అదే మా తాతను అడిగాను. మొట్టికాయ వేశాడు. నాకు ఆ కారణం సరిపోయింది." బోర్లా పడిన పలకను కాలితో తట్టాడు. "ఇక్కడా ఇదే. కుచ్చు లేని తోక కిందనే ఉంటుంది. తిరగెయ్యాలంటే పదిమంది కావాలి. రండి."

తిరగేసి చూసుకుని ఉంటే ఈ అధ్యాయం ఇక్కడే అయిపోయేది. మీకూ నాకూ పని తప్పేది.

ఏడో గడప అవతల గర్భాలయం వాకిట్లో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పాలనురుగులాంటి గడ్డం, కాళ్లకు చెక్క పావుకోళ్లు, ఒళ్లో మారేడు ఆకుల బుట్ట. ఈ అడవిలో మారేడు చెట్టే లేదు గాని, ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

"రా నాయనా. ఇన్నేళ్లకు ఉలి మోత తెలిసినవాడి అడుగులు విన్నాను," అన్నాడు ముసలాయన.

"పూజారిగారా? ఒరేయ్ బండోడా, గంప దించి దణ్ణం పెట్టు," అన్నాడు కొమ్మోజు. యువరాజు పళ్లు బిగించి దణ్ణం పెట్టాడు.

లోపల రాతి గోవు ఉంది. దాని నోటి నుంచి నీరు చుక్క చుక్కగా రాలుతోంది. ఒక చుక్క పడ్డాక రెండో చుక్కకు పది ఊపిర్లు పడుతోంది. కొమ్మోజు వెదురుగొట్టం తీసి గోవు నోటి కింద ఆనించాడు. మకరందుడు దానిని పట్టుకుని కూర్చున్నాడు. గొట్టం నిండాలంటే ఓ జాము పడుతుంది. ఇక చేసే పనేమీ లేదు.

పనివాడి చేతికి పని లేకపోవడమంత ప్రమాదం ఇంకోటి లేదు. కొమ్మోజు కళ్లు స్తంభాల మీదికి పోయాయి. వాకిలికి ఎడమగా ఒక యాళి, సింహం మొహం, ఏనుగు తొండం, గుర్రం నడుము గల రాతి మృగం, ముందరికాళ్లెత్తి నిలుచుంది. దాని నోట్లో ఒక రాతి బంతి. అలాంటి బంతిని నోటి లోపలే చెక్కి విడదీస్తారు. వేలు పెడితే దొర్లాలి, బయటికి మాత్రం రాకూడదు. కొమ్మోజు వేలు పెట్టాడు. దొర్లలేదు. తొంగి చూస్తే, బియ్యపుగింజంత రాయి బంతిని దవడకు పట్టి ఉంచింది.

"చూశావా నాయనా?" అన్నాడు ముసలాయన మెల్లగా. "నేనూ రోజూ చూస్తాను. ఎవరో చెయ్యి తిరగనివాడి పని."

"మా వాళ్ల పని, అయ్యవారూ," అన్నాడు కొమ్మోజు.

"మీవాళ్లదా? నేను ఎవరో పొరుగూరి వాళ్లనుకున్నాను. పోనీలే, ఎవరు చూడొచ్చారు ఇప్పుడు."

"ఓజ... మేస్త్రీ," అన్నాడు మకరందుడు లోపలి నుంచి. "మనం నీళ్లకొచ్చాం. నీళ్లు పట్టుకుని పోదాం."

"నువ్వు గొట్టం సంగతి చూడరా. రెండు దెబ్బల పని."

ఆ దవడలో బియ్యపుగింజ కొమ్మోజు కంట్లో నలుసైపోయింది. కొరత రాయి ఏనుగు దగ్గర ఉండనే ఉందని అతని నమ్మకం. కనుక ఇది కొరత కాదు, ఒట్టి నిర్లక్ష్యం, వంశానికి మచ్చ. తాత ఇచ్చిన సన్న ఉలి తీశాడు. ఒక దెబ్బ. రెండో దెబ్బ.

బంతి టకామని విడిపడి యాళి నోట్లో గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆగలేదు.

ముందుగా ఎండ ఆగిపోయింది. తర్వాత నల్లతీగలు స్తంభాలను వదిలి, తప్పు చేసిన కుక్కల్లా నేల మీద పాకుతూ బయటికి పోయాయి. ఆ తర్వాత రాళ్లు లేచాయి. గోపురం నుంచి విరిగిపడ్డ నాలుగు అంతస్తులు వెల్లకిలా తిరిగి, ఒళ్లు విరుచుకుని, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. పగిలిన దూలాలు అతుక్కున్నాయి. నూరేళ్ల నాచు దుమ్ములా రాలిపోయి వెయ్యి మొహాలు తళతళలాడాయి. ఏడు గడపలకూ ఎక్కడలేని రాతి తలుపులు మొలిచి, మొదటిదాని నుంచి చివరిదాకా ధడాలు ధడాలున మూసుకున్నాయి.

నాలుగో తలుపు మూసుకోబోయే ముందు ఆ సందులోంచి కొమ్మోజుకు బోర్లా పడిన ఏనుగు పలక లేస్తూ కనబడింది. అది వెనక్కి తిరిగి తన చోట నిలబడింది. తోకకు కుచ్చు ఉంది. ఒక్కో వెంట్రుకా విడివిడిగా, ఇంత చక్కని కుచ్చు అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"అయిపోయింది," అన్నాడు కొమ్మోజు.

"అవును నాయనా, అయిపోయింది. పూర్తయింది," అన్నాడు ముసలాయన. లేచి నిలబడ్డాడు. లేస్తూ ఉన్నాడు, ఇంకా లేస్తూనే ఉన్నాడు. తల దూలానికి ఆనింది. గడ్డం ఊడిపడి దాని కింద కొండచిలువ చుట్టలా జడలు కట్టిన మరో గడ్డం కనిపించింది. ఈ నవల మొదటి అధ్యాయంలో సేనాపతి చెవిలో గుసగుసలాడి సింహాసనం దొంగిలించమని నేర్పిన మాంత్రికుడు వక్రజటుడు ఇతడే. "ఈ గుడి నిండితే ఇందులోని రాయంతా నా సైన్యం. కానీ నేను చెయ్యి పెడితే ఈ రాయి వినదు. మీ వంశపు ఉలే కావాలి. పిలిస్తే నువ్వు వస్తావా? అందుకే నీ కూతురికి చిలకను ఇచ్చాను."

మకరందుడు మెరుపులా లేచి గంప అడుగున దాచిన కత్తి దూశాడు. మాంత్రికుడి మీదికి దూకేలోపు వాకిలికి రెండు పక్కలా ఉన్న ద్వారపాలకులు వంగి, చెరొక చేత్తో అతణ్ణి నడుము దగ్గర పట్టుకున్నారు. కత్తి రాతి భుజం మీద పడి రెండయింది. రాతి వేళ్లు మెల్లగా బిగుసుకోసాగాయి. అయినా అతను వెదురుగొట్టాన్ని వదల్లేదు.

"ఓజయ్యా," అన్నాడు ఊపిరందక, "గొట్టంలో సగమే ఉంది. గోవు నోరు మూసేసింది."

కొమ్మోజు పెద్ద సుత్తి తీసి యాళి దవడ మీద కొట్టాడు. దవడ పగిలింది, బంతి రెండు చెక్కలైంది. చెక్కలు నేలను తాకేలోపే వెనక్కి ఎగిరి అతుక్కున్నాయి. మళ్లీ కొట్టాడు. మళ్లీ అతుక్కుంది. వక్రజటుడు పకపకా నవ్వాడు.

"పగలగొడితే ముక్కలు వాటి ఇంటికి అవే వస్తాయి. నిండిన గుడికి లోటు ఎక్కడిది?"

కొమ్మోజు చేతిలో సుత్తి ఆగింది. పగిలిన ముక్క తిరిగి వస్తుంది, సరే. అసలు ఇంకా పుట్టని ముక్క ఎక్కడి నుంచి వస్తుంది? పూర్తయిన పనిని పాడుచెయ్యలేకపోతే, కొత్త పని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే?

అతను గభాలున కూలబడ్డాడు. గర్భాలయం ముందు నున్నటి నేలరాయి ఉంది, దాని మీద ఒక్క గీత లేదు. సన్న ఉలి ఆనించి కొట్టడం మొదలుపెట్టాడు. ఏం చెక్కాలో ఆలోచించలేదు. చేతికి బాగా తెలిసిన మొహమే చేతిలోంచి వచ్చింది. వెడల్పాటి నుదురు. రెండు జడలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఎందుకంటే కోతి పట్టుకుని లాగింది. గుండ్రటి బుగ్గ. ముందుపన్ను ఊడిన నవ్వు.

మొదటి గీత పడగానే యాళి నోట్లో బంతి వేగం తగ్గింది. మకరందుడి నడుము చుట్టూ రాతి వేళ్లు బిగియడం మానాయి, అలాగని వదల్లేదు. గుడి మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టయింది. పని సాగుతున్నంతసేపు అది కొరత కాదు. పనివాడు ఉలి కింద పెట్టి లేస్తేనే కొరత.

వక్రజటుడి నవ్వు ఆగిపోయింది. అతను వంగి చూశాడు. గొంతు మళ్లీ ముసలి పూజారిదైంది.

"ఎంత ముద్దుగా ఉంది. ఇక కళ్లే కదా మిగిలాయి? చెక్కు నాయనా. కళ్లు తెరిపించు. ఇక్కడ ఈ బొమ్మ కళ్లు తెరిస్తే అక్కడ నీ బిడ్డ లేచి ఆడుకుంటుంది, నా మంత్రం మీద ఒట్టు. కళ్లు చెక్కకుండా పోతావా? కన్నబిడ్డను గుడ్డిదాన్ని చేసి చీకట్లో వదిలి పోతావా?"

ఉలి మొన కనురెప్ప గీత మీద ఆగి ఉంది. విగ్రహానికి కళ్లు చివర చెక్కుతారు. కళ్లు చెక్కకుండా కాసెపనివాడు లేవడు. లేస్తే చేతులకు కుష్టు పడుతుందని వాళ్లలో నమ్మకం. ఒక్క దెబ్బ వేస్తే కుడి కన్ను. ఇంకో దెబ్బకు ఎడమ కన్ను.

"ఓజయ్యా," అన్నాడు మకరందుడు నీరసంగా. "నీళ్లు నా దగ్గరున్నాయి."

కొమ్మోజు తాత ఇచ్చిన ఉలిని కూతురి నుదుటి పక్కన మెల్లగా పెట్టాడు. నిద్రపోతున్న పిల్ల పక్కన బొమ్మ పెట్టినట్టు పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

యాళి నోట్లో బంతి ఆగింది.

తర్వాత జరిగింది చెప్పడానికి పట్టినంతసేపు కూడా జరగడానికి పట్టలేదు. ద్వారపాలకుల చేతులు మోచేతుల దగ్గర ఊడిపడ్డాయి. గోపురం నడుము మళ్లీ విరిగింది. ఏడు తలుపులూ మొలిచినంత తేలిగ్గా మాయమయ్యాయి. దూలాలు ఫెళఫెళమన్నాయి. వక్రజటుడు ఏదో అరిచాడు గాని ఆ అరుపు మీద ఒక మండపం పడింది. కొమ్మోజు యువరాజు చెయ్యి పట్టి లాగాడు, ఇద్దరూ పరుగందుకున్నారు. కళ్లనిండా దుమ్ము. అయితేనేం, గంతలు కట్టుకుని నడుస్తానని అన్నవాడే కదా. ఏడో గడప దాటి పన్నెండు అడుగులు వేస్తే ఆరో గడప, తల వంచితే అయిదోది. పిల్లి స్తంభాన్ని భుజంతో ఒరుసుకుంటూ మొదటి గడప దాటి వెలుతుర్లో పడ్డారు. అంతదూరమూ కొమ్మోజు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

మకరందుడు రొమ్ముకు హత్తుకున్న వెదురుగొట్టం ఊపి చూశాడు. లోపల నీరు కదిలింది, సగానికి కొంచెం తక్కువ.

"సరిపోతుందా?"

"నడుము దాకా కరిగినా చాలు, బాబుగారూ. కూర్చుని అన్నం తింటుంది. పడవెక్కండి."

తుంగదుబ్బు దగ్గరికి వచ్చారు. పడవ లేదు. రెండుసార్లు లాగి చూసిన ముడి, ఎవరో తీరిగ్గా కూర్చుని విప్పినట్టు, తాడు చుట్ట చుట్టి ఒడ్డున పెట్టి ఉంది. దాని పక్కన ఒక చెక్క పావుకోడు, ఒక్కటే. ఏటి నడుమ పడవ పోతోంది. అందులో పాలనురుగు గడ్డం ముసలాయన ఒంటికాలి పావుకోడుతో కూర్చుని, తొందరేమీ లేనట్టు తెడ్డు వేస్తున్నాడు. పడవ ముక్కు పొన్నగిరి వైపుకు ఉంది.

కొమ్మోజు మొలకు తువ్వాలు బిగించి నీళ్లలోకి దిగాడు. మోకాలి లోతు. నడుము లోతు. నీరు చల్లగా ఉంది, రాయంత చల్లగా.

వాళ్లను ఏటిలో ఉంచి, మీతో ఒక్క మాట చెప్పాలి. రాళ్లు లేచి నడిచాయన్నాను, అది నిజం. తలుపులు మొలిచాయన్నాను, అదీ నిజం. ఏనుగు తోక కుచ్చు వెంట్రుకలతో సహా నిజం. కొమ్మోజు వెనక్కి తిరిగి చూడలేదన్నాను చూశారూ, అదొక్కటే నేను కల్పించాను. చూశాడు. గోపురం మీద పడబోతుంటే ఏడో గడపలో నిలబడి, కళ్లు లేని ఆ నవ్వు మొహాన్ని చూస్తూ ఉండిపోయాడు. యువరాజు నాలుగుసార్లు పిలిచి, అయిదోసారి ఒరేయ్ అని అరిస్తే గాని కదల్లేదు. ఆ నిలబడినంతసేపట్లోనే అక్కడ పడవ ముడి ఊడింది. బిడ్డ కోసం వచ్చిన కన్నతండ్రి మీద తప్పు పెట్టడం ఇష్టం లేక దాచాను.

మంగలిని పిలవండి. కల్పన ఒక్కటే గనుక మీసం ఒక పక్కే.